డాలస్ పామ్ మన అనంతపురంలో నాటొచ్చా?

ప్రశ్న: మేము అనంతపురం ఊరి చివర ఎనిమిది సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నాం. వచ్చే ఉగాదికి గృహప్రవేశం. గేటుకీ వరండాకీ మధ్య ముప్పై అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల లోతు ఖాళీ ఉంది. మా అమ్మాయి వాళ్లు డాలస్ దగ్గర ఇల్లు కొన్నారు. మంచును కూడా తట్టుకునే విండ్‌మిల్ పామ్ పిల్ల మొక్కలు మూడు అక్కడ నాటుకోబోతున్నారు. రెండిళ్ల ముందూ ఒకే చెట్టు ఉండాలని దాని కోరిక. సంక్రాంతికి వచ్చేటప్పుడు విత్తనాలు తెస్తానంటోంది. మావారేమో అవి ఎప్పటికి పెరిగేను, కడియం నర్సరీల నుంచి లారీలో పన్నెండడుగుల రాయల్ పామ్‌లు ఆరు దింపిద్దాం, ఉగాదికల్లా ఇంటికి కళ వస్తుంది అంటున్నారు. మాది ఎర్ర గరుసు నేల. బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, ఈసారికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. అమ్మాయి చెప్పిన చెట్టు మంచిదే, మన ఊరికి కుదరదు. మీవారు చెప్పిన చెట్టు మన ఊళ్లో పెరుగుతుంది గానీ మీ పదిహేనడుగుల్లో పట్టదు. పైగా ఉగాదికి నాటితే మే నెల దాటడం కష్టం. ఇద్దరి కోరికా సగం సగం తీరే దారి ఒకటుంది, చివర్లో చెబుతాను. ముందు ఆ విండ్‌మిల్ పామ్ సంగతి చూద్దాం. డాలస్‌లో నాటబోయే మొక్కల గురించి కూడా మీ అమ్మాయికి నాలుగు మాటలు చెప్పాలి.

విండ్‌మిల్ పామ్ చైనా కొండల చెట్టు. మాను చుట్టూ కొబ్బరి పీచులాంటి గోధుమరంగు నార అల్లుకుని ఉంటుంది. అక్కడివాళ్లు ఆ నారతో తాళ్లు పేనేవాళ్లు, చీపుర్లు కట్టేవాళ్లు, మన గొర్లకాపరులు వానకు గొంగడి కప్పుకున్నట్టు దాంతో చేసిన కోట్లు కప్పుకునేవాళ్లు. 1849లో రాబర్ట్ ఫార్చ్యూన్ అనే స్కాట్లండ్ ఆయన చైనాలోని చూసాన్ దీవి నుంచి ఈ మొక్కల్ని లండన్‌లోని క్యూ బొటానికల్ తోటకు పంపాడు. చైనా తేయాకు మొక్కల్ని హిమాలయాల దిగువన మన తోటలకు చేర్చింది కూడా ఈయనే. పామ్ చెట్టు అంటే వేడిదేశాలదే అనుకునే చలిదేశాల వాళ్లకు అది వింతగా తోచి, చాలామంది నాటుకున్నారు. బాగా పెరిగిన చెట్టు మైనస్ 12, మైనస్ 15 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. దీని దాయాది మన దేశంలోనూ ఉంది. పిథోరాగఢ్ వైపు కుమావూఁ కొండల్లో, రెండు వేల మీటర్ల ఎత్తున, శీతాకాలం మంచు పడే అడవుల్లో పెరుగుతుంది. తకిల్ పామ్ అంటారు.

ఇప్పుడు మీ అమ్మాయి ఒక ప్రశ్న అడుగుతుంది. డాలస్‌లో కూడా ఎండాకాలం 38, 40 డిగ్రీలు కాస్తుంది, అక్కడ బతికేది అనంతపురంలో ఎందుకు బతకదు అని. న్యాయమైన ప్రశ్నే. బతకొచ్చు. కుండీలో పెట్టి, తూర్పు నీడన ఉంచి, వాననీళ్లు పట్టి పోస్తూ చంటిపిల్లలా సాకితే బతుకుతుంది. కానీ అక్కడ ఎండలు పోయాక చెట్టుకు ఒక చలికాలం వస్తుంది, ఊపిరి తీసుకుంటుంది. మనకు శివరాత్రి వెళ్లగానే మొదలైన వేడి జూన్ దాకా దిగదు. దిగాక గాలి మొదలవుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! ఆ పొడిగాలికి విసనకర్రలాంటి ఆకుల కొసలు ముందు కాలి, తర్వాత చీలికలవుతాయి. దానికి తోడు మీ బోరు ఉప్పు. చెట్టు చావదు, బాగూపడదు. గేటు తీయగానే రోగిష్టి చెట్టు కనబడేదానికి అంత దూరం నుంచి తెప్పించుకోవాలా?

నర్సరీ చీటీ మీద ‘తట్టుకుంటుంది’ అని రాసి ఉంటే, దేనికి అని అడగాలి. విండ్‌మిల్‌కు తట్టుకుంటుందన్న పేరు వచ్చింది చలి దగ్గర. మన దగ్గర చలి ఎక్కడుంది? డిసెంబరు రాత్రి స్వెటరు వేసుకుంటాం, అంతే. మన దగ్గర పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో.

ఇక విత్తనాల మాట. దయచేసి సూట్‌కేసులో వేసుకు రానివ్వకండి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం బయటి దేశం నుంచి విత్తనం తేవాలంటే ఇక్కడి దిగుమతి పర్మిట్, అక్కడి అధికారులు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. రెండు గుప్పెళ్ల గింజల కోసం ఎయిర్‌పోర్టులో టెన్షన్ ఎందుకు? తెచ్చినా అవి మొలిచేందుకు నెలలు, మోకాలెత్తు కావడానికి ఏళ్లు.

ఇప్పుడు డాలస్ మొక్కల గురించి. ఇది మీ అమ్మాయికి చదివి వినిపించండి.

మొదటిది, నాటే కాలం. మనం తొలకరి కోసం చూస్తాం. వాళ్లు ఆఖరి మంచు పోయేదాకా ఆగాలి. పామ్ జాతి వేరు వెచ్చని మట్టిలోనే పాకుతుంది, చల్లని మట్టిలో కదలదు. అందుకని ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో నాటితే చలికాలం వచ్చేలోగా ఆరు నెలలు వేరు పట్టడానికి దొరుకుతాయి. అక్టోబరులో తగ్గింపు ధరకు అమ్ముతారు, ఎవరు ఆశపెట్టినా కొనొద్దు.

రెండోది, ఆ మైనస్ 15 లెక్క పెరిగిన చెట్టుది. పిల్ల మొక్కకు అంత ఓపిక ఉండదు. దానికి మాను ఉండదు, మొవ్వు నేలకు జానెడెత్తులోనే ఉంటుంది. మొవ్వు అంటే తెలుసు కదా, కొత్త ఆకు పుట్టే చోటు. మామిడికో వేపకో కొమ్మ పోతే ఇంకో కొమ్మ వస్తుంది. విండ్‌మిల్ లాంటి ఒంటి మాను పామ్‌కు ఉన్నది ఒక్క మొవ్వే. అది గడ్డకట్టి కుళ్లితే చెట్టు పోయినట్టే. 2021 ఫిబ్రవరి 16న డాలస్ ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 19 డిగ్రీలు పడింది. ఆ వారంలో టెక్సాస్ అంతటా ఎన్నో పామ్ చెట్లు చచ్చిపోయాయి. అలాంటి రాత్రి ఏటా రాదు గానీ, వచ్చిన రోజు మొక్కను కాపాడేది చీటీ మీది అంకె కాదు, మనం కప్పిన గుడ్డ. మొదటి మూడు చలికాలాలు గడ్డకట్టే చలి వస్తుందని వార్తల్లో చెప్పగానే మొక్క మొదట్లో ఎండాకులు, గడ్డి దట్టంగా పోగేయాలి. ఆకుల్ని పైకి లేపి మెత్తగా తాడుతో కట్టి, పైన పాత దుప్పటి కప్పాలి. వేడి పుట్టే పాతరకం సీరియల్ బల్బులు లోపల చుట్టితే ఇంకా మంచిది. ఎల్‌ఈడీలు వెలుగునిస్తాయి, వేడినివ్వవు. ఎండ రాగానే అన్నీ తీసేయాలి, లేకపోతే లోపల చెమ్మకు బూజు పడుతుంది.

మూడోది వింటే మీకు నవ్వొస్తుంది. డాలస్ చుట్టుపక్కల నేల మన నల్లరేగడి లాంటిదే. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే బంకమట్టి. ఉరవకొండ, తాడిపత్రి వైపు రేగడిలో చెట్టు పెట్టేవాళ్లు ఏం చేస్తారో అమ్మాయీ అదే చేయాలి. గుంత తీసి నింపితే అది నీళ్ల తొట్టి అవుతుంది. అడుగు ఎత్తున వెడల్పాటి మట్టి దిబ్బ పోసి దానిమీద నాటాలి. చలిలో తడి కూడా కలిస్తే వేరు, మొవ్వు తొందరగా కుళ్లుతాయి. ఇంటికి దక్షిణపు గోడ వైపు అయితే పగటి ఎండకు కాగిన గోడ రాత్రి కాస్త వెచ్చదనం ఇస్తుంది.

గడ్డకట్టే చలి కొట్టాక ఆకులన్నీ ఎండిపోయినా చెట్టును తవ్వి పారేయొద్దని గట్టిగా చెప్పండి. నడిమి మొవ్వాకును మెల్లగా లాగి చూడాలి. గట్టిగా ఉంటే భయం లేదు. ఊడి చేతికొచ్చి, అడుగున కుళ్లు వాసన వస్తే ఆ కుళ్లు తుడిచి, రాగి మందు కలిపిన నీళ్లు మొవ్వులో పోసి వేసవి దాకా ఆగాలి. ఆకు కుళ్లినా దాని అడుగున మొవ్వు బతికి ఉంటే చెట్టు జూన్, జూలైలో మళ్లీ ఆకు తీస్తుంది. అసలు ఇంత తిప్పలు వద్దనుకుంటే నీడిల్ పామ్ అని ఒక పొట్టి రకం ఉంది, పామ్ జాతుల్లో చలికి దానంత మొండిది లేదు, మైనస్ 20 దాకా నిలబడుతుంది. టెక్సాస్ నేలలోనే పుట్టిన సబాల్ మైనర్ కూడా గట్టిదే. దాని మాను భూమిలోనే ఉంటుంది కాబట్టి మొవ్వుకు మట్టే దుప్పటి. చూడటానికి విండ్‌మిల్ అంత ఠీవిగా ఉండవు, అది వేరే మాట.

సరే, ఇక మన ఇంటికొద్దాం.

రాయల్ పామ్ మీద నాకు కోపమేమీ లేదు. క్యూబా చెట్టు, లోతైన నేల, సమృద్ధిగా నీళ్లు ఉంటే రాజఠీవితో నిలుస్తుంది. కాలేజీల ముందు, పెద్ద బంగళాల ముందు, రోజూ నీళ్లు పట్టే మనిషి ఉన్నచోట బాగుంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో ఆరు రాయల్ పామ్‌లంటే ఆరు ఎనుములను మేపినట్టు. పదిహేనడుగుల స్థలంలో పెద్దదయ్యాక పది పన్నెండడుగుల మట్ట ఊడి పడితే కింద కారుంటే కారు, మనిషుంటే మనిషి. ఇంకోటి, పన్నెండడుగుల చెట్టును తవ్వి లారీ ఎక్కించేటప్పుడు దాని వేర్లు చాలావరకు అక్కడే తెగిపోయి ఉంటాయి. ఒంట్లో దాచుకున్న నీటితో రెండు నెలలు పచ్చగా కనిపించి మోసం చేస్తుంది. మార్చిలో దింపితే సరిగ్గా రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండల్లో, దాని అసలు సంగతి బయటపడుతుంది. అప్పటికి లారీవాడు ఫోనెత్తడు.

మీ నేలకు, మీ నీళ్లకు నేను చెప్పే చెట్టు ఈత. నవ్వకండి. వంకల గట్ల మీద, చెరువు కట్టల కింద మనం చూసే ఈత చెట్టే. దాన్నే నర్సరీల్లో సిల్వర్ డేట్ పామ్ అని పేరు మార్చి అమ్ముతున్నారు, ధర కూడా పేరుకు తగ్గట్టే ఉంటుంది. అమెరికాలో హోటళ్ల ముందు వరసగా నాటుకుంటున్నది కూడా దీన్నే. మన పెరటి చెట్టుకు అక్కడ మర్యాద, అక్కడి చెట్టు కోసం ఇక్కడ ఆరాటం! ఖర్జూరానికి సొంత అక్కచెల్లెలు కాబట్టి ఎండకు, ఉప్పు నీళ్లకు జంకదు. కాస్త చలికీ ఓర్చుకుంటుంది, డాలస్ చలికి మాత్రం చాలదు. నెమ్మదిగా పెరుగుతుంది. పెరిగాక వజ్రపు గళ్లు చెక్కినట్టున్న మాను, పైన వెండి ఛాయ ఆకులు. ఒక్కటే ఇబ్బంది, మట్ట మొదట్లో ఉండే ముల్లు. మనవలు ఆడుకునే దారికి దూరంగా ఉండాలి. పిల్ల ఈతకు మాను లేవకముందే ఆకులు చుట్టూ ఆరేడడుగులు పరుచుకుంటాయి. అందుకని మీ ముప్పై అడుగుల్లో ఒక్కటే చాలు, గేటుకు ఎడంగా ఉన్న మూలన, రెండు గోడలకూ ఏడడుగుల దూరంలో. ఇంటి ముందు ఈత ఉంటే కల్లు గీస్తారేమో అని మీవారు జోకు వేస్తే, దానికి ఎక్సైజ్ లైసెన్సు కావాలని చెప్పండి.

అమ్మాయి అడిగిన విసనకర్ర ఆకు కోసం రాఫిస్ పామ్ పెట్టుకోండి. ఇది కూడా చైనా మొక్కే, విండ్‌మిల్‌కు శాస్త్రం లెక్కలోనూ దగ్గరి చుట్టం. సన్నని వెదురు కర్రల్లా గుబురుగా లేచి, మనిషెత్తు దగ్గర ఆగుతుంది. దీనికి ఎండ గిట్టదు, కాబట్టి వరండా నీడ దీని చోటు. ఉప్పు నీళ్లకు ఆకుల కొసలు ఎండుతాయి, దానికి మాత్రం వాననీళ్లో మంచి నీళ్లో పోయండి. పెద్ద సిమెంటు కుండీలో పెట్టుకోవచ్చు. అదే రాఫిస్ మొక్క డాలస్‌లో దొరుకుతుంది, అమ్మాయి హాల్లో కిటికీ పక్కన కుండీలో పెట్టుకుంటే రెండిళ్లలోనూ ఒకే చెట్టు ఉన్నట్టే. బయట దాని విండ్‌మిల్, ఇక్కడ మన ఈత.

మూడోది కావాలనుకుంటే ఫాక్స్‌టెయిల్ అనో బిస్మార్క్ అనో నర్సరీవాడు చూపిస్తాడు. బిస్మార్క్ వెండి ఆకు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది, కానీ ఒక్కో చెట్టుకు మీ ముందు ఖాళీ అంతా కావాలి. వదిలేయండి.

లారీలో వచ్చే పెద్ద చెట్టు కాకుండా పిల్ల మొక్కే నాటమని ఎందుకంటున్నానో చెప్పాలి. పామ్ పెరిగే తీరు మిగతా చెట్లలా ఉండదు. వేపమాను ఏడాదికేడాది లావెక్కుతుంది. పామ్ ముందు నేల మట్టాన తన మాను ఎంత లావుండాలో అంత లావు తయారు చేసుకుని, ఆ తర్వాతే పైకి లేస్తుంది. ఆ మొదటి మూడు నాలుగేళ్లు చూసేవాళ్లకు ఏమీ జరగనట్టే ఉంటుంది, అసలు పనంతా అప్పుడే జరుగుతుంది. ఆ పని మీ మట్టిలో, మీ నీళ్లతో జరిగిన చెట్టుకు, గోదావరి ఒండ్రులో పెరిగి ఇక్కడికొచ్చిన చెట్టుకు పోలిక లేదు. మాను మీద పడిన గాయం కూడా పామ్‌లో పూడదు. లారీలో తాడు కోసుకుపోయిన గాటు ఇరవై ఏళ్ల తర్వాతా అలాగే ఉంటుంది. రెండు మూడడుగుల మొక్క, సంచిలోనే పెరిగింది, మొవ్వాకు నిటారుగా గట్టిగా ఉన్నది తీసుకోండి. వంకలో ఈత పిల్లను పీకి తెస్తామని ఎవరైనా అంటే వద్దనండి, వేరు తెగిన ఈత పిల్ల నిలవడం కష్టం.

సంచి మొక్క కొన్నాక నేను చేసిన తప్పు మీరు చేయకండి. చాలా ఏళ్ల కిందట గుత్తిలో మా బంధువుల ఇంట్లో నాలుగు బాటిల్ పామ్‌లు నాటాను. గుంతలు బాగా తీశాం, నీళ్లు రోజూ పోశారు. అయినా రెండు నెలల్లో మూడు ఎండిపోయాయి. పీకి చూస్తే చుట్టూ మన గరుసు తడిగా ఉంది, నడిమధ్య సంచిలో వచ్చిన బంకమట్టి ముద్ద మాత్రం ఇటుకలా ఉంది. కడియం నర్సరీల్లో సంచుల్లో నింపేది ఒండ్రు బంకమట్టి. అది ఒకసారి పూర్తిగా ఎండిందంటే పైన పోసిన నీళ్లు దాని లోపలికి దిగకుండా పక్కనున్న గరుసులోకి జారిపోతాయి. అప్పటినుంచి సంచితో పాటు మొక్కను నీళ్ల టబ్బులో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచుతాను. తర్వాత సంచి కోసి, ముద్ద పగలకుండా పైపైన వేళ్లతో గీరి వదులు చేసి నాటుతాను. నీళ్లు పోసేటప్పుడు కూడా మొదటి రెండు నెలలు పాదు అంచున కాకుండా ఆ ముద్ద మీదే పడేలా చూడాలి.

గుంత మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. గృహప్రవేశం హడావిడి అయ్యాక మే నెలలో తీయించి ఎండకు వదిలేయండి. మీది కొత్త ఇల్లు కాబట్టి ఒక సంగతి ముందే చెబుతున్నా. మేస్త్రీలు మిగిలిన సిమెంటు గచ్చు, సున్నం, ఇటుక ముక్కలు పూడ్చేది సరిగ్గా మీరు మొక్క నాటబోయే చోటే. అసలే మన నేలల్లో సున్నం పాలు ఎక్కువ, దానికి సిమెంటు తోడైతే మాంగనీసు, ఇనుము మట్టిలో ఉన్నా చెట్టుకు అందవు. కొత్తాకులు పాలిపోయి, ముడుచుకుని, కాలినట్టు వస్తాయి. ఆ తుక్కంతా తీయించి బయట వేయించండి. కడప బండలు పరిపించేటప్పుడు మొక్క చుట్టూ నాలుగడుగులు వదలమనండి. మధ్యాహ్నం ఆ బండల మీద మనమే చెప్పుల్లేకుండా నడవలేం, పక్కనున్న పిల్ల మొక్క సంగతి చెప్పాలా? గుంతలో బకెట్ నీళ్లు నాలుగు పోసి చూడండి. తెల్లారేసరికి ఇంకిపోతే మంచిది. నిలిచి ఉంటే అడుగున సుద్ద పొర ఉన్నట్టు, గడ్డపారతో పొడిపించాలి.

నింపేటప్పుడు తీసిన మట్టే ముప్పాతిక, బాగా మాగిన పశువుల ఎరువు పావు వంతు, కిలో వేపపిండి కలపండి. పచ్చి ఎరువు వద్దు. దాంట్లో మొవ్వును తొలిచే కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, మనమే శత్రువును గుంతలో కూర్చోబెట్టినట్టు అవుతుంది.

లోతు విషయంలో తోట పని చేసేవాళ్లతో పోట్లాట తప్పదు. మన దగ్గర కొబ్బరి మొక్కను గుంతలో లోతుగా పెట్టి, పెరిగేకొద్దీ మట్టి పూడుస్తూ వస్తారు. ఆ అలవాటుతో ఈతను కూడా మెడ దాకా పూడ్చేస్తారు. అలా పూడిస్తే వేర్లకు గాలి ఆడక, మొవ్వులో మట్టి, నీళ్లు చేరి కుళ్లుతుంది. వేర్లు మొదలయ్యే గీత నేల మట్టానికి సమంగా ఉండాలి, కింద కాదు, పైన కాదు. నాటేటప్పుడు మీరే కుర్చీ వేసుకుని పక్కన కూర్చోండి.

ఎప్పుడు నాటాలి? తొలకరికి అని చాలామంది అంటారు. మనకు జూన్, జూలైలో వాన తక్కువ, గాలి ఎక్కువ. నేనైతే మఖ కార్తె దాకా, అంటే ఆగస్టు మూడో వారం దాకా ఆగుతాను. మన జిల్లాకు వాన ఎక్కువ పడేది సెప్టెంబరులో. మట్టి వెచ్చగానూ తడిగానూ ఉండే ఆ కాలంలో వేరు పాకితే ఫిబ్రవరికి మొక్క గట్టిపడుతుంది. మొదటి ఎండాకాలం మాత్రం పడమటి వైపు రెండు కర్రలు పాతి గోనెపట్టానో గ్రీన్ నెట్టో కట్టండి.

నీళ్లు మొదటి నెల రోజు విడిచి రోజు, ఆ తర్వాత వారానికి రెండుసార్లు. ఎండాకాలంలో పోసినప్పుడల్లా రెండు మూడు బిందెలు లోపలికి దిగేలా నిదానంగా పోయండి. రోజూ చెంబెడు చిలకరిస్తే ఉప్పంతా పైన పేరుకుంటుంది, వేరు కూడా పైపైనే ఉండిపోతుంది. నెలకోసారి మామూలుకు రెట్టింపు నీళ్లు కడితే పేరుకున్న ఉప్పు కిందికి కడుక్కుపోతుంది. మేడ మీది వాననీటి గొట్టాన్ని ఆ పాదు వైపు తిప్పగలిగితే అంతకన్నా మేలు లేదు. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఆర్‌ఓ మిషన్ ఉంది, దాని వ్యర్థపు నీళ్లు పారబోయడం ఎందుకని మొక్కలకు పోస్తున్నారు. మీ బోరు నీళ్లకన్నా అవి ఇంకా ఉప్పన. గిన్నెలు కడగడానికి, బాత్రూమ్ కడగడానికి వాడుకోండి. పాదులో బుడ్డల పొట్టు, అంటే వేరుశనగ పొట్టు, పరిస్తే తడి నిలుస్తుంది, మన దగ్గర చవగ్గా దొరికేది కూడా అదే. కానీ మొదలుకు అరడుగు దూరం వదలండి, పొట్టుకు చెదలు తొందరగా పడతాయి.

రెండో ఏడు నుంచి కింది ఆకులు పసుపు తిరగడం మొదలైతే మీవారు కత్తి తీసుకుంటారు. ఆపండి. కింది ఆకుల మీద పసుపు, నారింజ మచ్చలు వస్తున్నాయంటే చెట్టుకు పొటాష్ చాలడం లేదని అర్థం. అది పాత ఆకుల్లోంచి పొటాష్‌ను తీసి కొత్త ఆకుకు పంపుకుంటుంది. ఆ ఆకులు కోసేస్తే ఆ లోటు పైనున్న ఆకుల మీద పడుతుంది. పూర్తిగా ఎండి గోధుమరంగుకు వచ్చాకే కోయాలి. నీళ్లు ఉప్పగా ఉన్నచోట మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి. ఆకు అంచులు పసుపై నడుమ పచ్చగా మిగిలితే మెగ్నీషియం సల్ఫేట్ కావాలి. ఎంత వేయాలో మొక్క వయసును బట్టి ఉంటుంది, ఒక ఆకు ఫోటో తీసుకుని దగ్గర్లోని ఉద్యాన శాఖ వాళ్లకు చూపించండి. పండగలకు పామ్‌లన్నిటికీ పచ్చి మట్టలు కొట్టి పైన కోడిజుట్టులా నాలుగు ఆకులు మిగిల్చేవాళ్లను గేటు దాటి రానివ్వకండి. పచ్చి గాటు వాసనకే ఎర్రముక్కు పురుగు వస్తుంది, లోపల తొలిచేదాకా బయటికి కనబడదు.

కొమ్ము పురుగు పని మాత్రం కనబడుతుంది. విచ్చుకున్న ఆకు కత్తెరతో కత్తిరించినట్టు ఉంటే అది మొవ్వులో దూరిందన్నమాట. మొవ్వు పక్కనున్న మట్టల సందుల్లో రెండు మూడు నాఫ్తలీన్ గోలీలు వేసి, పైన పిడికెడు ఇసుక పోయండి, నెలన్నరకోసారి మార్చండి. పక్కింటివాళ్ల పేడ దిబ్బ ఉంటే వాళ్లతో మంచిగా మాట్లాడుకోండి, అది పుట్టేది అక్కడే.

మరి ఉగాదికి కళ ఎలా అని మీవారు అడుగుతారు. గృహప్రవేశానికి ఎలాగూ గేటుకు అరటి చెట్లు కడతారు, గుమ్మానికి మామిడి తోరణం ఉంటుంది. వరండాలో రాఫిస్ కుండీలు రెండు ఆ రోజుకే పెట్టేయొచ్చు, నీడ మొక్క కాబట్టి ఉగాదైనా దానికి ఇబ్బంది లేదు. ఫోటోల్లో పామ్ పడుతుంది, ఆయన మాట నిలుస్తుంది. ఈత గుంత చోటు మాత్రం ఆ రోజు షామియానా గుంజ పాతకుండా గుర్తుపెట్టుకోండి.

మీ ఇల్లు ఏ ముఖమో, వీధి కరెంటు తీగలు గోడకు ఎంత దూరంలో పోతున్నాయో ఉత్తరంలో రాయలేదు. తీగల కింద ఈత పెట్టకూడదు, పదేళ్లకో పదిహేనేళ్లకో లైన్‌మన్ వచ్చి నెత్తి కొట్టేస్తాడు. నెత్తి పోతే మొవ్వు పోయినట్టే. గుంత తీయించక ముందు ఆ రెండూ రాసి పంపండి, ఏ మూలన పెట్టాలో చెబుతాను.